చేప నోరు, చేప తోక

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కప్పు టీ అడగాలన్నా నోరు తెరిచే ముందు ఒకసారి ఆలోచించుకునేవాణ్ణి. ఉద్యమం ఊపు మీదుంది. ఎక్కడ ధర్నా, ఎక్కడ రాస్తారోకో అని పేపర్లో చూసుకుని గానీ గడప దాటని కాలం. నా యాస విని నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అది ఇప్పుడు ఒప్పుకోవాలి. భయమంతా నాలోనే ఉండేది. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చి, ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పుకునే ఇరవై ఆరేళ్లవాణ్ణి. లోకమంతా నన్ను మోసం చెయ్యడానికి కాచుక్కూర్చుందనీ, నేను మాత్రం ఎవరికీ దొరకనంత తెలివైనవాణ్ణనీ నా గట్టి నమ్మకం. (ఈ రెండు నమ్మకాలూ ఒకే బుర్రలో కాపురం ఉంటే ఆ బుర్రను ఎవరికీ అద్దెకివ్వకూడదు.)

నాతో పాటు గదిలో ఉండేవాడిది నల్లగొండ జిల్లా. నేను వాణ్ణి 'నల్లగొండ' అనేవాణ్ణి, వాడు నన్ను 'గుంటూరు' అనేవాడు. రోజూ సాయంత్రం రాష్ట్రం గురించి గొంతులు పోయేలా పోట్లాడుకుని, ఆ తర్వాత ఒకే గిన్నెలోంచి పప్పు వడ్డించుకునేవాళ్ళం. ఎంటెక్ చదివి ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నాడు. చివరికి అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి పిలిచింది. సోమవారం పొద్దున పదింటికి డెమో క్లాసు, ఉన్నది ఒక్కటే పోస్టు. సరిగ్గా అప్పుడే సమ్మెలో బస్సులన్నీ ఆగిపోయాయి. "పరేషాన్ కాకు, నా బండి మీద దింపుతా" అని మాటిచ్చాను. ఆ బండి చైను అప్పటికే సాగి వేలాడుతోంది. గతుకు వస్తే చాలు, ఎవరో సంకెళ్లతో పరిగెడుతున్నట్టు చప్పుడు. "ఎల్బీ నగర్ల మా ఊరి కాక షెడ్డున్నది. నా పేరు చెప్పు, సొంత మనిషి లెక్క చేస్తడు" అని చెప్పి, వాడు సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి శనివారం పొద్దున్నే ఏదో జీపు పట్టుకుని ఊరెళ్ళాడు.

నేను అద్దం ముందు నిలబడి అరగంట సాధన చేసి మరీ షెడ్డుకు వెళ్ళాను. "ఏందన్నా, గీ చైను జర చూస్తవా?" అన్నాను. కాక చేతిలో పానాతో నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ ఊరు సారూ?" "ఇక్కడే." "ఇక్కడనే అంటే?" "తెనాలి." షెడ్డులో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. "మీ మాటనే మాట్లాడుండ్రి సారూ. బండికి ఏ తెలుగైతేంది?" అంటూ కాక చైను కవరు విప్పి, పళ్ళచక్రం చూపించాడు. "చూడుండ్రి, పండ్లన్ని అరిగి కొక్కాలయినయ్. చైను ఒక్కటి మారిస్తే ఫాయిదా లేదు. ముందు చక్రం, ఎనుక చక్రం, చైను, సెట్టుకు సెట్టే మార్చాలె." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నాకు వినిపించింది మాత్రం వేరు. తెనాలి అని తెలియగానే ఒక వస్తువు మూడు వస్తువులైందన్నమాట! "చైను ఒక్కటే వెయ్యండి, చాలు" అన్నాను బిగుసుకుని. "నేనెయ్య సారూ. అరిగిన పండ్ల మీద కొత్త చైను నిలవది, ఎగురుతది. రేపు నడిరోడ్డు మీద ఆగితే నా పేరు ఖరాబైతది" అన్నాడు. ఎంత నటన అనుకుని బండి తిప్పుకుని వచ్చేశాను.

మలక్‌పేటలో చైను ఒక్కటే కొని, ఆదివారం కింది ఇంటాయన దగ్గర పానాలు అడిగి తెచ్చుకుని నేనే బిగించాను. మూడు గంటలు పట్టింది. చైను రెండు కొసలనూ కలిపే లాకు ఒకటుంటుంది, చూడటానికి చిన్న చేపలా ఉంటుంది. చేప ముందుకే ఈదాలి అని ఎక్కడో విన్నాను. తెరుచుకుని ఉన్నది నోరే కదా అని, ఆ వైపు ముందుకు పెట్టి నొక్కాను. (అది తోక. లెక్కల మాస్టారికి చేపలో ఏది నోరో తెలియాలని ఏ పరీక్షలోనూ అడగరు.) సాయంత్రం నల్లగొండ ఊరి నుంచి వచ్చి మిలమిలలాడే చైను చూసి మురిసిపోయాడు. "కాకనే ఏసిండా?" అన్నాడు. మీ ఊరాయన్ని దొంగ అనుకుని వచ్చేశానని ఏ ముఖంతో చెప్పను? "ఆ" అన్నాను. ఒక్క అక్షరం.

సోమవారం వాడు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వెనక కూర్చుని, దారి పొడుగునా నా చెవిలోనే డెమో క్లాసు చెబుతున్నాడు. హయత్‌నగర్ దాటాక టక్కు టక్కు మని మొదలైంది. లారీని దాటబోయి గట్టిగా రేజ్ చేశాను. ఇంజను గొంతు చించుకుంది, బండి మాత్రం మెల్లగా ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే చైను రోడ్డు మీద చచ్చిన పాములా పడి ఉంది. లాకు ఎక్కడ ఎగిరిపోయిందో! పీజీలు చదివిన మేమిద్దరం హైవే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గోరంత ఇనపముక్క కోసం అరగంట దేవులాడాం. చివరికి వాడు ఇసుక లారీ ఎక్కి, చొక్కా నిండా గ్రీజుతో పదకొండున్నరకు చేరాడు. "టైముకు రానోడు టైంటేబుల్ ఏం పాటిస్తాడు" అన్నారట. పోస్టు అప్పటికే వేరొకరికి వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు. గిరాకీలు అరడజను మంది ఉన్నారు. "ఏం కాకా, మనోడివని పంపిస్తే గిట్ల చేస్తవా? నా నౌకరి పాయె!" అని అరిచాడు. కాక బిత్తరపోయాడు. "నేనెయ్యలే బిడ్డా! సెట్టు మార్చాలె అన్న, సారు ఇనకుంట ఎల్లిపోయిండు. నీ పక్కనే ఉన్నడు, అడుగు." వాడు నా వైపు తిరిగాడు. "చెప్పు గుంటూరు." నేను కింద పడ్డ నట్లూ బోల్టులూ చూస్తూ, "ఆయనే వేశాడు" అన్నాను. కాక చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నీ షెడ్డు గడప తొక్కితే ఒట్టు" అని వాడు బయటికి నడిచాడు. బయట అంతటా మీవాళ్ళు, మావాళ్ళు అని మనుషులు గీతలు గీసుకుంటున్న రోజుల్లో, ఒక నల్లగొండవాడు తన ఊరి పెద్దమనిషిని కాదని తెనాలివాడి మాట నమ్మాడు. నమ్మిన ఆ మాట అబద్ధం.

రాష్ట్రం వచ్చింది. మెట్రో వచ్చింది. వాడికి వాళ్ళ జిల్లాలోనే ఉద్యోగమూ వచ్చింది. పండగలకు ఫోన్లో పలకరించుకునేవాళ్ళం. కాక మాట వాడూ ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు. నిరుడు ఎల్బీ నగర్ వెళ్తే వెనక సందులో షెడ్డు ఇంకా కనిపించింది. ధైర్యం చేసి లోపలికెళ్ళి జరిగిందంతా చెప్పాను. కాక కళ్ళద్దాలు పైకి తోసి, మొట్టమొదట అడిగిన ప్రశ్న: "లాకు మూతి ఎటు పెట్టినవ్ సారూ?" చెప్పాను. "తెరిచింది ముందుకా! ఓర్నీ!" అని షెడ్డు అదిరేలా నవ్వాడు. ఉన్నట్టుండి నవ్వు ఆపేశాడు. "నేనెయ్యలేదని నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా? ఆనికి చెప్పు. ఇక్కడనే, అందరు ఇనంగ."

ఫోన్ స్పీకర్లో పెట్టి, పదిమంది గిరాకీల మధ్య నిలబడి చెప్పాను. అంతా విని వాడు అన్నది ఒక్క మాటే: "కాకకియ్యి ఫోను." కాక స్పీకర్ ఆపి, ఫోను చెవికి పెట్టుకుని సందులోకి నడిచాడు. అమ్మ పానం ఎట్లున్నదనీ, పిల్లలెందరనీ అడగడం కాసేపు వినిపించింది, ఆ తర్వాత దూరం నుంచి నవ్వులు. నేను హెల్మెట్ పట్టుకుని షెడ్డులో నిలబడ్డాను. ఒకాయన వచ్చి "అన్నా, పంచర్ ఏస్తవా?" అని అడిగాడు కూడా. అరగంటకు ఫోను నా చేతికి తిరిగొచ్చింది. కాల్ కట్ అయిపోయి ఉంది. "నన్నేమన్నాడు కాకా?" అన్నాను. "నీ ముచ్చటే తియ్యలే సారూ" అని ఆయన మళ్ళీ పానా అందుకున్నాడు.

వాడి దగ్గర్నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు, నాకు చెయ్యడానికి మొహం చెల్లలేదు. ఒక్కటి మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇన్నేళ్ళూ తిట్లన్నీ ముందే ఊహించుకుని, ఒక్కొక్క దానికీ జవాబు సిద్ధం చేసుకుని తిరిగాను. ఒక్క జవాబుకూ పని పడలేదు.