అక్వేరియంలో రూప్‌చంద్

మా తోడికోడలు నాకు ఫోన్ చేసిందంటే ఏదో పని పడిందన్నమాటే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, పాప పుట్టినరోజుకి అక్వేరియం కొంటున్నాం, ఏ చేపలు కొనాలో, ఎంత తొట్టి కావాలో నువ్వొచ్చి చూడాలి అంది. పాప అంటే ఆవిడ కూతురు, తొమ్మిదేళ్ళది.

"చేపలంటే నీకు తెలియందేముంది? పుట్టిందే వాటి మధ్య," అంది.

అందులో తప్పేం లేదు. మా నాన్నకి కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. నేను అక్షరాలకంటే ముందు చేపపిల్లల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. బెజవాడలో ఇనుప సామాన్ల వ్యాపారం చేసే ఇంటికి, నీసు ముట్టని ఇంటికి, ప్రేమించి పెళ్ళి చేసుకుని కోడలిగా వచ్చాను. పదకొండేళ్ళయింది. మేం మంగళగిరిలో వేరే ఉంటున్నాం. అత్తగారు పెద్దకొడుకు దగ్గర బెజవాడలోనే ఉంటారు. ఈ పదకొండేళ్ళలో తోడికోడలు నన్ను ఒక్క మాట తిట్టలేదు. నేను వంటింట్లోకి వెళ్తే కిటికీ తలుపులు తీసేది, అంతే. నేను తీసుకెళ్ళిన స్వీట్లు నా ముందే పనిమనిషికి ఇచ్చేసేది. నవ్వుతూనే ఇచ్చేది. నేనూ నవ్వేదాన్ని. నాకు పిల్లలు లేరు. కోపాన్ని మాత్రం ఏ లోటూ లేకుండా పెంచుకున్నాను.

ఆ ఇంట్లో నాకున్నది పాప ఒక్కతే. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే పరిగెత్తుకొచ్చి నడుం పట్టుకునేది. గూడకొంగలు చెరువు మీద వాలితే మా నాన్న టపాకాయలు పేల్చి తరమడం గురించి ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పమనేది. మా పిన్నికి చేపల గురించి తెలియనిది లేదని స్కూల్లో కూడా చెప్పుకునేదట. నేను ఆ గడప తొక్కడానికి ఆ పిల్ల తప్ప ఇంకో కారణం లేదు.

గవర్నర్‌పేటలో ఒక సందులో ఉన్న షాపుకి వెళ్ళాం. పాప తిన్నగా గోల్డ్‌ఫిష్‌ల దగ్గరికి పోయి, నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్నదాన్ని వేలితో చూపించింది. దాని తోక పరికిణీ కుచ్చిళ్ళలా నీళ్ళలో ఊగుతోంది. "ఇది నాది పిన్నీ. వేరే ఎవరికీ ఇవ్వద్దని చెప్పు," అంది.

తోడికోడలు ఇంకో తొట్టి ముందు ఆగిపోయింది. అందులో పొట్ట కింద ఎర్రటి జీర ఉన్న పిల్లలు, ఒక్కొక్కటి బొటనవేలంత. పిరానాలండీ అన్నాడు షాపతను. ఆవిడ మొహం వెలిగింది. పక్క ఫ్లాట్ల వాళ్ళెవరి దగ్గరా పిరానాలు లేవు.

నాకు నవ్వొచ్చింది. అవి రూప్‌చంద్ పిల్లలు. మా వైపు చెరువుల్లో పెంచి, ఐసు వేసి లారీల్లో ఎగుమతి చేసే చేప. పెదవి ఎత్తి చూస్తే మనిషికున్నట్టే పళ్ళుంటాయి. ఏడాది తిరిగేసరికి కిలో తూగుతుంది. ఆకలేస్తే పక్కదాని తోకా రెక్కలూ కొరుక్కు తింటుంది. ఆ మాట చెబుదామనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అప్పటిదాకా నాకు వేరే ఉద్దేశం లేదు.

ఈలోగా ఆవిడ షాపతనితో అంది, "మా తోడికోడలండీ. వాళ్ళది చేపల వ్యాపారం. చూడక్కర్లేదు, వాసన పట్టి చెప్పేస్తుంది."

షాపతను నవ్వాడు. ఆవిడా నవ్వింది. పాప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

షాపతనే నయం. "గోల్డ్‌ఫిష్‌తో ఇవి కలపకూడదండీ," అన్నాడు. "అది నెమ్మదైంది, దాని తోక మిగలనివ్వవు. ఇవి కావాలంటే నాలుగడుగుల తొట్టి తీసుకుని ఇవొక్కటే పెట్టుకోండి. వట్టి గోల్డ్‌ఫిష్ అయితే రెండున్నర అడుగులు, మంచి ఫిల్టరు చాలు. నీళ్ళు కొన్నాళ్ళు తిరిగాక చేపల్ని వేసుకోండి."

తోడికోడలు నా వైపు తిరిగింది. "ఏమంటావ్?"

"వాళ్ళు పెద్ద తొట్టి అమ్ముకోవాలని అలాగే చెప్తారక్కా. రెండడుగులది చాలు. మా నాన్న వేల పిల్లల్ని ఇరుకు చెరువులో ఏడాదిపాటు పెడతాడు, కలిసే పెరుగుతాయి."

మా నాన్న సంగతి అబద్ధం కాదు. మా వైపు బొచ్చె, శీలావతి చేపల పిల్లల్ని ఏడాదిపాటు ఇరుకులో, అర్ధాకలితో ఉంచి, తర్వాత పెద్ద చెరువులో వదులుతారు. ఆబగా తిని గబగబా పెరుగుతాయి. కానీ వాటి నోట్లో పళ్ళుండవు. చెరువుల వాళ్ళ పిల్లకి తప్ప ఇంకెవరికీ ఇలాంటి అబద్ధం ఆడటం చేతకాదు.

ఆవిడ హాల్లో, ఆవిడ చుట్టాల ముందు, చచ్చిన చేప కుళ్ళి నీసు వాసన కొట్టాలి. ఆ కిటికీలు ఆవిడ చేత్తో ఆవిడే తీసుకోవాలి. నాకు కావలసింది అదే. పాప చేప సంగతి ఆ క్షణంలో తట్టలేదని రాసుకోవచ్చు. తట్టింది. నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రమే తొట్టి బిగించి, నీళ్ళు పోసి, గోల్డ్‌ఫిష్‌ని, మూడు రూప్‌చంద్‌లని వదిలేశాం. పాపని బాల్కనీలోకి తీసుకెళ్ళి చెప్పాను. "రోజుకి ఒక్కపూటే. ఐదంటే ఐదే మేత గింజలు వెయ్యి. ఎక్కువేస్తే నీళ్ళు పాడైపోతాయి."

"ఆకలెయ్యదా పిన్నీ?"

"చేపలకి ఆకలుండదమ్మా."

రోజూ స్కూలుకి వెళ్ళేముందు వాళ్ళమ్మ ఫోన్లోంచి వీడియో కాల్ చేసి చూపించేది. ఐదు గింజలూ లెక్కపెట్టి వేసేది. మూడో రోజు గోల్డ్‌ఫిష్ తోక అంచు పీలికలైంది. ఐదో రోజుకి సగం తోక లేదు. "జబ్బు చేసిందా పిన్నీ?" అని అడిగింది. మళ్ళీ మొలుస్తుందన్నాను. దాన్ని తీసి బకెట్లో వేరే పెట్టమని ఒక్క మాట చెబితే చాలు, బతికేది. చెప్పలేదు. హాల్లో ఇంకా వాసన మొదలవ్వలేదు.

తర్వాతి ఆదివారం కాల్ చేసి, "నువ్వొస్తే బతుకుతుంది పిన్నీ, త్వరగా రా," అంది. బస్సెక్కి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి చేప వెల్లకిలా తేలుతోంది. తోక లేదు, ఒక కన్ను లేదు. నోరు మాత్రం ఇంకా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మేం చూస్తుండగానే అదీ ఆగిపోయింది. మూడు రూప్‌చంద్‌లూ నిగనిగలాడుతున్నాయి.

"నీ మాట విని కదా కలిపింది?" అంది తోడికోడలు. అత్తగారు, బావగారు అక్కడే సోఫాలో కూర్చుని ఉన్నారు.

"కడుపు నిండా మేత ఉంటే కలిసే ఉంటాయక్కా," అన్నాను. ఆ తర్వాత మాట కూడా నేనే అన్నాను. తడబడకుండా అన్నాను. "రెండు పూటలా బాగా వెయ్యమని పాపకి చెప్పానే. మర్చిపోయినట్టుంది."

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఆ దుత్త నా ఎదురుగా నిలబడి ఉంది.

పాప నా మొహంలోకి చూసింది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, "అవును. పిన్ని రెండు పూటలా వెయ్యమనే చెప్పింది. నేనే వెయ్యలేదు," అంది.

తోడికోడలు దాని చెంప మీద కొట్టింది. "మూగజీవాన్ని తిండి పెట్టకుండా చంపావే," అన్నారు అత్తగారు. నేను అడ్డం వెళ్ళలేదు. ఇచ్చిన కాఫీ తాగాను.

బయల్దేరుతుంటే పాప నాతో లిఫ్టు దాకా వచ్చింది. చెంప ఎర్రగా ఉంది. ఏడవలేదు. వెనక్కి తిరిగి తలుపు మూసి ఉందని చూసుకుని, గొంతు తగ్గించి అంది.

"ఒక్కపూటే వెయ్యమని నువ్వు చెప్పావని తెలిస్తే అమ్మ నిన్ను మళ్ళీ రానివ్వదు కదా పిన్నీ."

లిఫ్టు వచ్చింది. ఎక్కాను. పోయిన వేసవి సెలవులకి ముందు జరిగింది ఇది. ఆ తర్వాత పాప చాలాసార్లు ఫోన్ చేసి రమ్మంది. ఏదో ఒక పని ఉందని చెబుతున్నాను. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు.