ఆముదం పూసిన రెక్క

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు కుప్పంలో మా ఇంట్లో గ్రైండరు తిరుగుతోంది. దాన్ని ఆపకుండానే బస్టాండుకు పరుగెత్తాను. పుంగనూరు చేరేదాకా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. పక్కనున్నామె "ఏమ్మా, కడుపులో నొప్పా?" అని అడిగింది. మా అత్త ఒక బాతు కోసం ఎన్నేళ్లు అల్లాడిందో ఆమెకు చెప్పే ఓపిక అప్పుడు లేదు. మీకు చెప్పాలనిపించింది.

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక చెరువు, దాని పక్కన మా అత్త ఉలవచేను. చలికాలంలో ఆ చెరువుకు పెద్ద అడవి బాతులు దిగేవి. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల పట్టెలు. ఆ పట్టెలు చూసి అత్త వాటికి నామాల బాతులని పేరు పెట్టుకుంది. హిమాలయాలకు అవతల గుడ్లు పొదిగి పిల్లల్ని లేపి, అంత ఎత్తు కొండల మీదుగా ఎగిరి మన చెరువులకు వస్తాయి. ఎండపూట నీళ్లలో కునుకు, పొద్దునా సాయంత్రం గడ్డి మేత. గడ్డికీ ఉలవకూ తేడా వాటికి పట్టదు. మా అత్త కట్ట మీద నిలబడి తిట్టే తిట్లకు నేను చెవులు మూసుకునేదాన్ని.

నాకు పెండ్లి కుదిరిన ఏడాది, తొంభైల చివర్లో, పక్కచేని ఆయన పెట్టిన నైలాను ఉచ్చులో ఒక బాతు పడింది. అప్పుడు నేను మదనపల్లెలో ఉండేదాన్ని, ఆదివారమైతే అత్త ఇంట్లోనే. పొద్దున వాటిని తిట్టిన నోటితోనే "అయ్యో నా తల్లీ" అంటూ ఆ బాతును కొంగులో చుట్టుకొచ్చింది. ఎడమ రెక్క వాచిపోయి వేలాడుతోంది.

మా ఇండ్లలో ఏది బెణికినా ఒకటే వైద్యం. ఆముదం కాచి, పసుపు కలిపి పట్టించడం. గొర్రె కాలికీ అదే, మా నాయన మోకాలికీ అదే. అత్త బాతు రెక్కకూ, వీపుకూ దట్టంగా పట్టించింది. వాపు తగ్గింది. సంబరంగా చెరువులో వదిలితే, తేలాల్సిన బాతు ఒక పక్కకు ఒరిగి మునగడం మొదలుపెట్టింది. చీర ఎగ్గట్టి దిగి ఎత్తుకొచ్చేసరికి గజగజ వణుకుతోంది.

పశువుల డాక్టరు చూసి నవ్వాడు. "తోక మొదట్లో దానికి సొంత నూనె ఉంటాదమ్మా. ముక్కుతో తీసి ఈకలకు రాసుకుంటాది. మీ ఆముదంతో ఈకలన్నీ అతుక్కుపోయినాయి, నీళ్లు లోపలికి దిగతాండాయి."

"మరి ఇప్పుడెట్లప్పా?"

"కడగాల."

అంతే, ఇంటికొచ్చి కుంకుడుకాయలు కొట్టింది. నేను పట్టుకున్నాను, ఆమె రుద్దింది. అది నా మోచెయ్యి పొడిచి రక్తం తెప్పిస్తుంటే, అత్త మాత్రం "దాని కంట్లో పడతాది, సూసుకో" అని నన్నే అరిచింది. బాతుకు తలంటు పోసిన ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

ఈ బాతులు ఒకసారి జత కడితే విడవవు. సాయంత్రమైతే దీని జత అత్త పెరడు మీద తిరుగుతూ అరిచేది. "మీ మామ ఒకసారి సంతలో నేను తప్పిపోతే టీ తాగి ఇంటికొచ్చేసినాడు. ఈయప్పను సూడు" అనేది అత్త. నవ్వేది గానీ, ఆ అరుపు వింటే ఆమెకు కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఉగాది దాటాక మందకు తొందర పుట్టింది. మెడలు సాచి అరవడం, లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగడం. ఒక పొద్దున అన్నీ వెళ్లిపోయాయి. ఆ జత బాతు ఒక్కటే ఆగిపోయింది. అత్త రోజూ జబ్బు బాతును నీళ్లకు తీసుకుపోయేది. ఈకలు మెల్లగా బాగయ్యాయి. నీళ్ల మీద కొంచెం దూరం ఎగిరేది, ఎడమ రెక్క మాత్రం కిందికి వాలేది. ఇంతలో చెరువు ఎండుతోంది. బురదలోకి కుక్కలు దిగుతున్నాయి.

వైశాఖంలో కుప్పంలో నా పెండ్లి. మేనత్త లేకుండా పెండ్లికూతుర్ని చేయరు. రెండింటినీ చెరువు నడుమ మిగిలిన మడుగులో వదిలి వచ్చింది. నాకు నలుగు పెడుతూనే కిటికీలోంచి ఆకాశం చూసేది. తలంబ్రాలు కాగానే బస్సెక్కింది.

తర్వాత నేను పోయేసరికి రెండూ లేవు. అత్త బురదంతా వెతికిందట. "ఈకల్లేవు పాపా. కుక్కలు పట్టింటే ఈకలన్నా ఉండవా?"

"ఎగిరిపోయింటాయత్తా."

"నువ్వు సూసినావా?"

అప్పటినుంచి ప్రతి చలికాలం ఆమె తన చేన్లోనే మేస్తున్న బాతుల ముందు నిలబడి చప్పట్లు కొట్టేది. "లేయండే, ఒక్కసారి లేయండే" అని. తోలడానికి కాదు, ఎగిరేటప్పుడు ఎడమ రెక్క వాలేదాన్ని పట్టుకోడానికి. చెరువు నిండని కరువేళ్లలో నాకు ఫోను చేసేది. "ఆడ చెరువులో ఏమన్నా దిగినాయేమో సూసి రామ్మా." వంట వదిలేసి పోయేదాన్ని. మా అత్తగారికి నా మతి మీద అనుమానం అప్పుడే మొదలైంది.

కానీ చేయబోయిన మేలు చెడిపోతే కూర్చుని ఏడవకుండా లేచి కుంకుడుకాయలు కొట్టడం నాకు ఆమే నేర్పింది. నా సంసారంలో అది ఎన్నిసార్లు పనికొచ్చిందో ఆమెకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం ఇంట్లో నిలవలేక కట్ట మీదికి పోయాను. ఆమె ఉలవచేన్లో మంద దిగి ఉంది. రెండు మాత్రం కాస్త ఎడంగా, ఒకదాని పక్కన ఒకటి మేస్తున్నాయి. నేల మీదుంటే ఏ రెక్కా వాలినట్టు కనబడదు. చప్పట్లు కొట్టి లేపాలని రెండు చేతులూ ఎత్తాను. ఇప్పుడు తెలిసినా ఎవరికి ఫోను చేసి చెప్పాలి? చేతులు కలవలేదు. ఆ రెండూ మెడలెత్తి ఒకసారి నావైపు చూసి, మళ్లీ ఉలవల్లో తల వంచాయి.