కొబ్బరి చెట్టు మీద మనిషి

"ఇదిగోనండి, సిలువ మీద ప్రభువు. మన విలేకరి గారు చేసేరు. చూపు లేకపోయినా వేళ్లతో తడుముకుని ఒక్కో బోల్టూ బిగించి చేసేరండి. పాట మొదలెట్టండి మరి," అన్నారు సంఘ పెద్ద గారు.

కోత పండుగ వేలం జరుగుతోంది. నేను ముందు బెంచీలో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. నేను గుడికి ఇచ్చింది సిలువ కాదు, కొబ్బరి చెట్టు. దాని మీద ఉన్నది ప్రభువు కాదు, మా నాన్న.

మా వైపు చర్చిల్లో ఏడాదికోసారి, పంట ఇళ్లకు చేరాక ఈ పండుగ చేస్తారు. ఎవరి కష్టంలో తొలి భాగం వారు తెస్తారు. వడ్లు, అరటి గెల, కొబ్బరి గెల, కోడి వస్తాయి. ఉద్యోగస్తుల ఇళ్ల నుంచి కేకులు, చేత్తో అల్లిన బల్లగుడ్డలు వస్తాయి. ప్రార్థన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ధర సరుకును బట్టి ఉండదు, పాడేవారి మనసును బట్టి, పక్కన కూర్చున్నవారిని బట్టి ఉంటుంది. పాడుకున్నవారు దాన్ని మళ్లీ గుడికే ఇచ్చేయడమూ ఉంది. ఒకే కోడి రెండుసార్లు అమ్ముడుపోవడం మాకు వింత కాదు. ఆ రోజు నా బొమ్మకు ముందు ఒక పుంజు వెళ్లింది. పాస్టరు గారి ప్రసంగం మధ్యలో కూసినందుకు ఎవరో, బైబిల్లో పేతురు బొంకినప్పుడు కూసిన కోడిని తలుచుకుని, దానికి 'పేతురు గారి పుంజు' అని పేరు పెట్టారు. ఆ నవ్వులు ఆగకముందే నా బొమ్మ పైకెత్తారు.

పాట ఇద్దరి మధ్య నడిచింది. చివరికి రిటైరైన హెడ్మాస్టరు గారికి ఖాయమైంది. ఆయన లేచి, "ఇది ఇంటికి తీసుకెళ్లేది కాదండి. గుళ్లో ప్రభువు బల్ల మీదే ఉంచండి," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను నోరు తెరిచేసరికి గుమ్మడికాయ పాట మొదలైంది. మా ఆవిడ నా మోచెయ్యి నొక్కి, "ఇంటికెళ్లేక మాటాడుకుందాం," అంది.

నాకు చూపు ఒక్కసారిగా పోలేదు. రాజోలులో ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ని. వార్తలు కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చే రోజులు. మొదట పొద్దు వాలాక బస్టాండు మెట్లు కనిపించడం మానేశాయి. తరవాత రెండు పక్కల నుంచీ చూపు మూసుకుంటూ వచ్చింది. కాకినాడలో డాక్టరు గారు కంటి వెనక పొర పాడైపోతోందనీ, దానికి మందు లేదనీ చెప్పారు. తొంభైల మధ్యకొచ్చేసరికి నాకు మిగిలింది వెలుగుకూ చీకటికీ తేడా మాత్రమే. పత్రిక పని మానేశాను. రేడియో వినడానికి చెవులు చాలు. చేతులకు పని లేకుండా పోయింది.

మా ఆవిడ బడి పంతులమ్మ. ఒక ఏడు పిల్లలకు బహుమతులుగా అమలాపురంలో బొమ్మల సెట్లు కొంది. చిల్లులు పొడిచిన రేకు పట్టీలు, చిన్న చక్రాలు, నట్లు, బోల్టులు, ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు. పెట్టె మీద క్రేను బొమ్మా లారీ బొమ్మా ఉన్నాయట. ఒక సెట్టు మిగిలి ఇంట్లో ఉండిపోయింది. నేను దాని మూత తీసింది ఊరికే, ఏముందో చూద్దామని. ఆ తరవాత ఇంకో సెట్టు తెప్పించుకున్నాను, ఆ తరవాత మరొకటి.

క్రేనులు, లారీలు నాకు పట్టలేదు. మనుషుల్ని చేయాలనిపించింది. పని పద్ధతి చేస్తూ చేస్తూ కుదిరింది. అంచున్న స్టీలు పళ్లెంలోనే పని. నట్లు ఒక గిన్నెలో, బోల్టులు ఒక గిన్నెలో, పట్టీలు పొడుగు వారీగా గోడవైపు. పట్టీ పొడుగు గోటితో చిల్లులు తడిమితే తెలుస్తుంది. బోల్టు తల మనిషి ముందు వైపు, నట్టు వీపు వైపు ఉండాలని ఒక నియమం పెట్టుకున్నాను. రేకు మనిషికి ముఖం ఉండదు కనుక ఎటు తిరిగి ఉన్నాడో నాకు అలాగే తెలియాలి. మొదట ఏదీ గట్టిగా బిగించకూడదు. అన్నీ వదులుగా కలిపి, మనిషి నిలబడ్డాడనుకున్నాక ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి. నట్టు కింద పడితే చప్పుడు ఆగేదాకా కదలకుండా వినాలి. అప్పటికీ దొరక్కపోతే మా ఆవిడ గది ఊడ్చి, పోగైన దుమ్ము చేట్లో నా ముందు పెట్టేది. "ఏరుకోండి మీ ముత్యాలు," అనేది.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేవారి దగ్గర టికెట్లు చింపే మనిషిని చేశాను. సైకిలు మీద కొబ్బరికాయలు వేసుకుపోయే మనిషిని చేశాను. చేయడంలో చిక్కు లేదు. చేసింది ఎలా ఉందో తెలుసుకోవడంలోనే చిక్కంతా.

ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి సరిచూసుకోవడం విలేకరికి అలవాటు. మా ప్రాంతంలో అది వార్తలకు పనిచేస్తుంది కాని బొమ్మలకు పనిచేయదు. ఎదుటివారి మనసు కష్టపెట్టడం ఇక్కడ ఎవరికీ చేతకాదు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టుమాన్ చేతిలో సైకిలు మనిషిని పెట్టి, అదేమిటో చెప్పమన్నాను.

"ఆయ్, చాలా బాగుందండి."

"బాగుంది సరే. ఏమిటది?"

"మీరేదంటే అదేనండి."

"నేను చెప్పను. మీరే చెప్పాలి."

"మీకన్నా మాకేం తెలుస్తుందండీ," అని ఆయన సైకిలెక్కేశారు.

నిజం చెప్పేది మా ఆవిడ ఒక్కతే. "మెడ ఎక్కువైంది. కొంగలా ఉన్నాడు," అనేది. నేను విప్పి మళ్లీ చేసేవాణ్ని. కాని నాన్న బొమ్మ విషయంలో ఆమె సాక్ష్యం పనికిరాకుండా పోయింది. అది ఎవరి బొమ్మో మొదలుపెట్టిన రోజే చెప్పేశాను. తెలిసి చూసినవారికి తెలిసినదే కనిపిస్తుంది.

మా నాన్న కామందుల తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవారు. ఆ పని చేస్తూనే నన్ను రాజోలులో చదివించారు. ఆయనకున్న ఒక్క ఫొటో స్టూడియోలో, కుర్చీలో కూర్చుని, ఇంకొకరి చొక్కా తొడుక్కుని తీయించుకున్నది. చూపున్న రోజుల్లో కూడా అందులో నాకు ఆయన కనిపించేవారు కాదు. నాకు గుర్తున్నది కింద నుంచి చూసిన మనిషి. అరికాళ్లు, బయటికి వంగిన మోకాళ్లు, పాదాలకు తాడు బంధం, నడుముకు కత్తి. ఆయన ఎక్కిన చెట్లు చాలామటుకు తొంభై ఆరు తుపానులో పడిపోయాయి. అప్పటికి ఆయన లేరు.

మా సంఘంలో ఇప్పుడు ఉన్నవారు టీచర్లు, నర్సులు, బ్యాంకు గుమస్తాలు. వారి తండ్రులో తాతలో ఏ పని చేశారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ప్రతి కోత పండుగకూ గుడిలోకి కొబ్బరి గెలలు వస్తాయి. వాటిని కోసిన మనిషి ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి ఆయనను, ఆయన పనితో సహా, ఆ గెలల పక్కన పెట్టాలని నాకు అనిపించింది. బొమ్మ చేసింది అందుకే.

పొడుగు పట్టీలు జతచేసి మాను నిలబెట్టాను. పైన చిన్న పట్టీలను చుట్టూ విచ్చినట్టు బిగిస్తే మట్టలయ్యాయి. నాన్న రెండు చేతులూ చాపి ఉంటారు, ఒకటి మట్టను పట్టుకుని, ఒకటి గెల మీదికి. పాదాలకు కొబ్బరి పీచు తాడు చుట్టాను. నడుం పక్కన మొనదేరిన చిన్న రేకు ముక్కను కత్తిగా పెట్టాను. మోకాళ్లే కష్టమయ్యాయి. పట్టీ వంచితే విరుగుతుంది కనుక అక్కడ బోల్టు వేసి మడవాలి. బోల్టు ఏ కాస్త వదులైనా కాళ్లు జారి నిటారుగా వేలాడతాయి. మా ఇంటి నుంచి గుడికి ఆటోలో వెళ్లాం. ఆ రోడ్డు గుంతల సంగతి ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. ఒడిలో పెట్టుకున్నాను గాని, దిగేటప్పుడు మళ్లీ తడిమి చూసుకోలేదు. జనం ఎక్కువగా ఉన్నారు, ఎవరో బొమ్మ అందుకుని లోపలికి తీసుకుపోయారు.

వేలం అయిన కొన్ని వారాలకు సంఘ పెద్ద గారు ఇంటికి వచ్చారు. చేతిలో సంచీ ఉంది. లోపల రేకు చప్పుడైంది.

"వందనాలండి. చిన్న ఇబ్బందొచ్చిందండి. మన దాంట్లో బొమ్మలు పెట్టే అలవాటు లేదు గదండీ, ఒట్టి సిలువే ఉంటది. కొందరు విగ్రహం అంటన్నారు. మీరు ఏమీ అనుకోనంటే..."

"చెప్పండి."

"ఆ మనిషిని విప్పేసి, మాను మట్టుకు ఉంచేస్తే సరిపోద్దని అందరూ అంటన్నారండి. విప్పడం మాకు చేతగాదు గదా, మీ దగ్గిరికే తెచ్చేను."

బొమ్మను నా చేతుల్లో పెట్టారు. మోకాళ్ల మీద వేళ్లు పెట్టాను. రెండూ జారిపోయి ఉన్నాయి. పాదాలు కలిసి మానుకు ఆనుకుని ఉన్నాయి. వేలం రోజున అందరికీ ఏమి కనిపించిందో నాకు అప్పుడు తెలిసింది.

"పెద్ద గారూ, ఇది సిలువ కాదండి. కొబ్బరి చెట్టు. ఈయన మా నాన్న."

ఆయన బొమ్మను వేలితో తట్టి చూశారు. తరవాత "ఆయ్," అన్నారు.

"ఇవి మట్టలు."

"ముళ్ల కిరీటం అనుకున్నామండి."

"ఇది కత్తి."

"ప్రభువు పక్కలో పొడిచిన బల్లెం అనుకున్నామండి."

"కాళ్లకున్నది బంధం."

"కట్టేసేరనుకున్నాం."

వంటింట్లో మా ఆవిడ నవ్వు ఆపుకోలేక గ్లాసులు చప్పుడు చేసింది. పెద్ద గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"బాగా చెప్పేరండి. విలేకరి బుర్ర విలేకరి బుర్రేనండి. కొబ్బరి చెట్టంటే ఇంక విగ్రహం మాటే రాదు. ఎవరూ కాదన్లేరు."

"ఎవరూ కాదనకుండా ఉండడానికి చెప్పడం లేదండి. నిజంగానే మా నాన్న."

"ఆయ్, నిజమేనండి. నేనూ అందరికీ అలాగే చెప్తాను."

ఎన్ని విధాల చెప్పినా అంతే. నేను ఒట్టు వేస్తే ఆయన ఇంకా మెచ్చుకునేవారు. మోకాళ్లు మడిచి, నట్టు మీద నట్టు వేసి బిగించాను. గుడికి ఇచ్చిన కానుక ఇంట్లో పెట్టుకోవడం మాలో లేదు. మనిషిని విప్పకుండా బొమ్మ తిరిగి ఇచ్చేశాను.

రెండు రోజులు కాకుండానే హెడ్మాస్టరు గారు వచ్చారు. కూర్చోమన్నా వెంటనే కూర్చోలేదు.

"ప్రభువని పాడేనండి నేను. ఇప్పుడు కొబ్బరి చెట్టంటన్నారంట."

"మొదటి నుంచీ కొబ్బరి చెట్టేనండి మేష్టారూ."

"అందరి ముందరా పాడేను. మా వియ్యంకుల వారు కూడా ఉన్నారు ఆ రోజు. ఇప్పుడు దింపోణ్ణి కొనుక్కున్నాడంటారు నన్ను."

"అంటే ఏమైందండీ? మీ నాన్నగారూ మా నాన్నా కలిసేగా తోటలకెళ్లేవారు."

ఆయన కూర్చున్నారు. మా ఆవిడ టీ ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టారు. లేచి గుమ్మం దాకా వెళ్లి అన్నారు:

"కత్తి కుడి పక్కన పెట్టేరు మీరు. మా నాన్నగారు ఎడం పక్కన కట్టేవారండి. మీ నాన్నగారూ అంతే."

"మీకు బాగా గుర్తుందా?"

"గుర్తుండకేమండీ. అన్నం క్యారేజీ తీసుకెళ్లేది నేనే గదా." చెప్పులు వేసుకుంటూ, "అయినా అది ప్రభువండి," అని వెళ్లిపోయారు.

ఇన్నేళ్లలో నా బొమ్మల్లో ఒకటి తప్పని చెప్పిన రెండో మనిషి ఆయన. అది నిజంగా తప్పేనా అన్నది నాకు తెలియదు. నాకు గుర్తున్న కత్తి కుడి పక్కనే ఉంది. కాని నేను చూసింది కింద నుంచి, చిన్నప్పుడు. స్టూడియో ఫొటోలో ఎటూ కత్తి లేదు. వాళ్లిద్దరితో తోటలకు వెళ్లినవారు ఎవరైనా ఉన్నారేమోనని వాకబు చేశాను. ఒకాయన అంతర్వేది వైపు ఉన్నారంటే మనిషిని పంపాను. ఆయనకు నాన్న పేరే గుర్తు లేదన్నారు.

గుడిలో పంచాయితీ మూడు ముక్కలైంది. విగ్రహం కనుక తీసేయాలని కొందరు అంటారు. కొబ్బరి చెట్టు కనుక ఉంచవచ్చని పెద్ద గారు అంటారు, అది చెప్పి నాకు సాయం చేస్తున్నానని ఆయన నమ్మకం. ప్రభువు కనుక ఉంచాలని హెడ్మాస్టరు గారు అంటారు. ఈ మూడింట్లోనూ మా నాన్న లేరు. పాస్టరు గారు బదిలీ మీద వెళ్తూ, వచ్చేవారు తేలుస్తారని చెప్పి, బొమ్మను ప్రభువు బల్ల మీది నుంచి తీయించి పక్క గదిలో బీరువా మీద పెట్టించారు. కొత్త పాస్టరు గారు వచ్చాక రెండు కోత పండుగలు అయ్యాయి. రెండుసార్లూ సంఘంలో ఎవరో ఆ మాట ఎత్తారు. వేలం అయ్యాక చూద్దామన్నారు ఆయన. ఇంకా చూడలేదు.