మిర్చి గోదాములో రెండు రాహుకాలాలు

ఒక్క వేలితో గోదామెడు మిర్చిని ముంచబోయినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు ఏడవడమొక్కటే తక్కువ.

ఉద్యోగంలో కొత్తగా చేరాను. గుంటూరు దాటాక ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో వైర్‌లెస్ స్విచ్‌లు బిగించమని పంపారు. చల్లటి గదుల్లోని యంత్రాలన్నీ తీగల్లేకుండా మాట్లాడుకోవడానికి మధ్యన ఉండే పెట్టెలవి. యజమాని వెంకటేశ్వర్లు గారి ముందు రొమ్ము విరుచుకుని చెప్పాను.

“పెట్టెలు రెండండి. ఒకటి ఆగితే రెండోది రెప్పపాటులో అందుకుంటుంది. యంత్రాలన్నీ వీటి దగ్గరే టైము తెలుసుకుంటాయి. నా ఫోనులో మారుతూ వచ్చే కోడ్ కొడితే తప్ప వీటిలోకి ఎవ్వరూ దూరలేరు.”

“సరేలేవయ్యా. పదిన్నరకి రాహుకాలం. ఆలోగా కొబ్బరికాయ కొట్టాలి, అంతే.”

నిచ్చెన వెతికి, మేకులు దిగగొట్టేసరికి పదకొండయింది. ఆయన ముఖం వాడిపోయింది.

“రైతుల సరుకయ్యా లోపలుంది! రాహుకాలంలో మొదలెడతావా?”

నాకు భయం వేసింది. భయపడ్డప్పుడు నా బుర్ర మహా చురుగ్గా పనిచేస్తుంది, అదే దాని జబ్బు.

“అండీ, ఈ పెట్టెకు నేను చెప్పిందే టైము. తొమ్మిది అని చెబుతాను. దాని లెక్కలో అది శుభవేళలోనే పుట్టినట్టు.”

ఆయన కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, “మిషను జాతకం మిషనుదేగా. కానియ్యి,” అన్నారు.

టైము వెనక్కి తిప్పాను. కాయ చక్కగా రెండు చెక్కలైంది. పులిహోర వచ్చింది. పులిహోర ముందు నాకు లోకమే గుర్తుండదు, ఇక తిప్పిన టైము ఏం గుర్తుంటుంది చెప్పండి?

రెండో విస్తరి దగ్గర ఉండగా, గదులను చల్లబరిచే కంప్రెసర్ల హోరు ఆగిపోయింది. వాటిని చూసుకునే మస్తాన్ గారు పరుగున వచ్చారు.

“సార్, అన్నీ ఆగిపోయినయ్యండీ!”

రోజూ తొమ్మిదిన్నరకి కంప్రెసర్లకు విశ్రాంతి. పెట్టె తొమ్మిదిన్నర అయిందంది, అవి బుద్ధిగా మళ్ళీ పడుకున్నాయి. బయట మే నెల ఎండ. సరుకు దించడానికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

“ముందు తలుపులు మూయించండి! చేత్తో నడపండి!”

“చేత్తో ముట్టుకోవద్దని ఆ మీటలు పొద్దున మీరే పీకించారు కదండీ.”

కంప్యూటరు ముందు కూలబడి, ఫోను చూసి కోడ్ కొట్టాను. తప్పు అంది. మళ్ళీ కొట్టాను. తప్పు. ఆ కోడ్ టైమును బట్టి మారుతుంది. నా ఫోను పదకొండు దాటి ఉంది, పెట్టె తొమ్మిదిలో ఉంది. నేనే వేసిన తాళం, నేనే బయట.

ఏడుపు ఆపుకుంటూ మొదటి పెట్టె ప్లగ్గు పీకేశాను. రెండో పెట్టె రెప్పపాటులో అందుకుంది, నేను పొగిడినట్టే. అన్న పెట్టె దగ్గర నేర్చుకున్న దొంగ టైముతో సహా! గోడమీది మీటరులో వేడి పెరుగుతోంది. మిర్చి రంగు పోతే రైతులకు ఏం చెప్పాలి? నన్ను వాళ్ళు ఏ కళ్ళంలో ఆరబెడతారో కళ్ళకు కట్టింది.

అప్పుడు తట్టింది. నా ఫోను టైమునూ పెట్టె టైముకే తిప్పి కోడ్ కొట్టాను. పెట్టె తాళం తెరుచుకుంది! సరైన టైము పెట్టబోతుంటే వెంకటేశ్వర్లు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

“ఆగు. ఇప్పుడు రాహుకాలం నడుస్తోంది. పన్నెండు దాటనియ్యి.”

“మిర్చి ఆగదండీ!”

“రాహువు మాత్రం ఆగుతాడా?”

ఫోను ఆయన ముఖం ముందు పెట్టాను. “చూడండి, నా ఫోను లెక్కలో ఇంకా తొమ్మిదేనండి. రాహుకాలం రానేలేదు.”

ఆయన ఫోనును చూశారు, నన్ను చూశారు. “అయితే త్వరగా నొక్కు,” అన్నారు.

హోరు మొదలైంది. మిర్చి ఎర్రగానే ఉంది, తెల్లబడింది నేనొక్కణ్ణే. ఆయనకు దణ్ణం పెట్టి తీరిగ్గా నడిచి, నా ఫోను ప్రకారం ఎంతో ముందుగా బస్టాండు చేరాను. మా ఊరు పొన్నూరు వెళ్ళే బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఆ బస్టాండులోనే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో నేను టైము జోలికి పోను. మా ఇంట్లో గోడగడియారం ఆగి చాలాకాలమైంది. బ్యాటరీ మార్చమని మా ఆవిడ అడుగుతూనే ఉంది. ఒట్టు ఒట్టే.