ఖాళీ కాటా

మా బావ కాటాలు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. నోట్లో నాలుక లేని మనిషి. మా అక్కేమో ఒక్క క్షణం నోరు మూసుకునేది కాదు. ఆ ఇద్దరికీ ఎలా కుదిరిందో ఆ దేవుడికే తెలియాలి!

కాటా బిగించాక పళ్ళెం ఖాళీగా ఉంచి, ముల్లు సున్నా మీద నిలిచిందో లేదో చూడాలి. బావకు దగ్గరి చూపు ఆనదు. అందుకని వంటింట్లో ఉన్న అక్కను కేకేసేవాడు. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒంగి చూసి, "ఏమీ లేదు" అనేది అక్క. అప్పుడు గానీ మూత బిగించేవాడు కాదు.

ఒకరోజు అలా ఒంగిన మనిషి ఎంతకీ లేవలేదు.

"ఏమండీ, అసలు ఎక్కడా ఏమీ లేకుండా ఉంటే సరిపోయేదిగా? ఈ నేలా, ఆకాశం, మనం... ఇదంతా ఎందుకున్నట్టు?"

"నీకేం పనిలేదా? ముందు ముల్లు చూసి చెప్పు," అని కసిరాడు బావ.

నెల తిరక్కుండానే జ్వరం వంకతో అక్క ఈ లోకం నుంచే వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఆ ప్రశ్న బావను పట్టుకుంది. కాటా తెచ్చిన ప్రతివాళ్లనూ అడుగుతాడు. బడి పంతులుగారు తల గోక్కున్నారు. పాత ఇనుము కొనేవాడు, "ఉన్నదేదో ఉంది, తూచి అమ్ముకోక మనకెందుకన్నా?" అని నవ్వేశాడు. బావ నవ్వలేదు. సమాధానం దొరికితే అక్కకు చెప్పాలన్నట్టే ఉంది ఆయన వాలకం.

మొన్న కూరగాయలామె నా మీద విరుచుకుపడింది. మా బావ బాగుచేసిన కాటా ఖాళీగా ఉన్నా యాభై గ్రాములు చూపిస్తోందట, బజారంతా తనను దొంగ అంటోందట. నాకు ఒళ్లు మండి తిన్నగా కొట్టుకు వెళ్లాను.

"కనపడకపోతే నన్ను పిలవొచ్చుగా బావా! పక్క సందులోనే కదా ఏడ్చాను!"

బావ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"పిలిస్తే నువ్వొస్తావు," అన్నాడు.

నాకూ అక్క కావాలి. ఆ వంటింటి గుమ్మంలోంచి ఒక్కసారి వస్తే చాలు, ఎన్ని తిట్లయినా పడతాను. ఏడుపు ఆపుకుంటూ అన్నాను.

"ఏమీ లేకుండా ఉంటేనే నయం బావా. ఈ బాధా ఉండేది కాదు."

"మీ అక్కా ఉండేది కాదుగా," అన్నాడు బావ. "ఇదంతా ఎందుకుందో నాకు అంతుపట్టలేదే. ఆరోజు 'నాకూ తెలీదు' అన్నా సరిపోయేది. కాసేపు నా పక్కన కూర్చునేది."