పరిగె ఏరిన అవ్వ

మా జమ్మికుంట చర్చి సంఘంలో ఏడాదికొక ఆదివారం ఆడవాళ్ళది. ఆ రోజు పాట, ప్రార్థన, ప్రసంగం అన్నీ మావే. మావే అన్నది పేరుకే. ప్రసంగం సంఘపెద్ద రాసిచ్చేవాడు, మేము పైకెక్కి చదివేవాళ్ళం. ఆ ఏడు వంతు నాకొచ్చింది.

"గీ కాయితం సూసి సదువు బిడ్డా. జర గొంతు పెంచు, గంతే," అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. కాగితం తీసుకున్నాను కానీ, మాట్లాడితే నా మాటే మాట్లాడాలని అక్కడే అనుకున్నాను.

బైబిల్లో, అత్త వెంట పరాయి ఊరికి వచ్చి, కోసిన చేలో వెన్నులు ఏరుకుని బతికిన విధవరాలి కథ నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఒక్క సందేహమే తీరలేదు. ఆ చేను ఆసామి జాలిపడి ఏరుకోనిచ్చాడా, అది ఆమె హక్కా? ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని "కోసిన పొలంల గింజలు ఏరుకునుడు" అన్నాను. అది వడ్ల ధర చెప్పింది, కోతమిషన్ కిరాయి చెప్పింది. బైబిలు సైటు తెరిచి అదే కొడితే ఏమీ లేదంది.

పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ, మేము అవ్వ అనే పిలుస్తాం, తలెత్తకుండానే "పరిగె అనరాదే," అంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. బాపు పోయాక అవ్వ సుల్తానాబాద్ వైపు పొలాల్లో పరిగె ఏరి మమ్మల్ని సాకింది. ఒక ఆసామి దొంగ అని అరిచి, అందరి ముందూ ఆమె గంపను తన్నాడు. ఆ సిగ్గు ఆమెను వదల్లేదు. చర్చిలో కూడా తలుపు పక్కనే కూర్చునేది.

పరిగె అని కొట్టాను. వాక్యాలు వరుసగా వచ్చాయి. పొలం అంచుల దాకా కోయవద్దని, రాలిన పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని దేవుడు ఆసామికే ఆజ్ఞ ఇచ్చాడు. పైకి చదివాను.

"మల్ల సదువు," అంది అవ్వ. మళ్ళీ చదివాను.

"అయితే నేను దొంగను గాదు."

నాకు ఏడుపు ఆగలేదు.

ఆదివారం పెద్దాయన కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, ఆ ఆజ్ఞే చదివాను. "మనల పరిగె ఏరినోళ్ళు ఎవలన్న ఉన్నరా?" అని అడిగాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు తలుపు పక్క నుంచి అవ్వ లేచింది.

"నేను ఏరిన," అంది, చర్చి అంతా వినపడేలా. "దొంగతనం జెయ్యలే. దేవుడు మాకోసం ఇడిసిపెట్టమన్నదే తెచ్చుకున్న."

ఆ వెనకే ఇంకో ముసలామె లేచింది. తర్వాత ఇంకొకామె. చూస్తుండగానే చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది లేచి నిలబడ్డారు.

బయటికొచ్చాక సంఘపెద్ద "గిది ఎవలు రాసిచ్చిండ్రు?" అని అడిగాడు.

"ఎవలు రాసిత్తరు?" అంది అవ్వ. "నేను జెప్పిన, నా బిడ్డ ఎతికింది."

మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి, అవ్వ ముందు వరుసలో కూర్చుని నాకు చోటు పట్టి ఉంచింది.