నాన్న వెల్లకిలా పడుకున్నప్పుడు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా వంటింట్లో స్టీలు గ్లాసు నా చేతిలోంచి జారిపడేది కాదు. నేనే పడేసేదాన్ని.

మా ఊరు పూండి దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. చీకటి ఉండగానే వేటకు వెళ్లిన నాన్న పొద్దెక్కాక తిరిగొచ్చి, అన్నం తిని, వసారాలో చాప మీద వెల్లకిలా పడుకునేవాడు. వేట నుంచి వచ్చిన మనిషిని లేపకూడదన్నది మా వాడంతటికీ అలవాటు. పిల్లలు కూడా ఆ ఇంటి ముందు గొంతు తగ్గించి ఆడుకుంటారు. నాన్న గురక వీధి చివరిదాకా వినిపించేది.

"మీ నాన్న ఇంజను స్టార్టు సేసీసినాడే" అని పక్కింటి పెద్దమ్మ నవ్వేది. ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడి నిద్ర అలాగే ఉంటుందని అమ్మ నమ్మకం.

నేను గుమ్మం పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. గురక పెరిగి పెరిగి ఒక్కసారిగా తెగిపోయేది. ఛాతీ ఎగరబోయేది, పొట్ట లోపలికి లాక్కుపోయేది, గాలి మాత్రం వచ్చేది కాదు. నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. నావల్ల కాక వదిలేశాక కూడా నాన్న అలాగే ఉండేవాడు. అప్పుడు లోపలికి పోయి గ్లాసు గచ్చు మీద పడేసేదాన్ని. నాన్న ఉలిక్కిపడి, గట్టిగా గాలి పీల్చుకుని, మళ్లీ నిద్రలోకి జారుకునేవాడు.

"ఒలే, నీ సేతిలో ఏదీ నిలవదేటే? మనిసిని పడుకోనీవా?" అని అమ్మ తిట్టేది. నేను గ్లాసు తీసి కడిగి బోర్లించేదాన్ని. నాన్న ఊపిరి ఆగే సంగతి డైరీలో కూడా రాసుకోలేదు. రాయాలంటే భయం వేసేది.

నాన్నతో పాటు బోటు మీద వెళ్లే మామ, అంటే అమ్మ తమ్ముడు, ఒకరోజు ఒడ్డు నుంచి నేరుగా మా ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు.

"అప్పా, బావ సుక్కాని పట్టుకుని తూలిపోతన్నాడు. కెరటం ఇరిగే కాడ కళ్లు మూసీసినాడు. నాను సూడకపోతే బోటు తిరగబడిపోయీది."

నాన్న నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు. మా ఉద్దానం ప్రాంతంలో మనిషి నీరసపడ్డాడంటే మాకు తోచే జబ్బు ఒక్కటే, కిడ్నీ. పలాస తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. క్రియాటినిన్ బాగానే ఉంది. అమ్మ ఇంటికొచ్చి దేవుడికి దీపం పెట్టింది. కిడ్నీ కాదు కాబట్టి ఇంకే జబ్బూ లేదని అందరూ తేల్చేసుకున్నారు. నాన్న మళ్లీ చుక్కాని పట్టాడు. నేను రోజూ బోటు కనిపించేదాకా ఒడ్డు మీదే ఉండేదాన్ని.

మామకి మాత్రం ధైర్యం చాల్లేదు. నీరసానికి టానిక్ అయినా రాయిద్దామని అమ్మనీ నాన్ననీ టెక్కలిలో ఒక డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు. మందుల చీటీ చదవడానికని నన్నూ తీసుకెళ్లారు. డాక్టరు రిపోర్టులు చూసి, అన్నీ బాగున్నాయంటూ కలం తీశాడు. నాన్న లేవబోయాడు.

కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. కాలేజీలో హాజరు పలికినా వెనక బెంచీకి వినపడేది కాదు.

"ఊపిరి ఆగిపోతాది సార్" అన్నాను. ఇంట్లో మాట్లాడే భాషే వచ్చేసింది. "నిద్దట్లో. గురక పెడతా పెడతా ఆగిపోతాది."

"దానికేటి తెలుసు సార్, పుస్తకాలు సదివీసి భయపడతాది" అంది అమ్మ.

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఎలా పడుకున్నప్పుడమ్మా?"

"ఎల్లకిల. పక్కకి తిరిగితే ఆగదు."

నాన్న నావైపు తిరిగి చూశాడు. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు.

శ్రీకాకుళంలో ఒంటికి తీగలు తగిలించి ఒక రాత్రి నిద్ర పరీక్ష చేశారు. నిద్రలో గొంతు వదులై గాలి దారి మూసుకుపోతోందని, అదీ వెల్లకిలా ఉన్నప్పుడేనని తేలింది. కొందరికి గాలి పంపే మిషను తప్పదట. నాన్నకి ముందు పక్కకి పడుకోవడం అలవాటు చేసి చూద్దామన్నారు. సారా ముట్టకూడదు. పగటిపూట ఈ తూగు పోయేదాకా చుక్కాని పట్టకూడదు.

ఆ చివరి మాటకి నాన్న ముఖం మాడిపోయింది. చుక్కాని మామ చేతికి వెళ్లింది. నాన్న నాతో మాట్లాడటం మానేశాడు.

వెల్లకిలా తిరిగితే గుచ్చుకునేలా వీపు దగ్గర ఏదైనా ఉండాలన్నారు. అమ్మ బనీను వెనక సంచీ కుట్టి దూది కూరింది. అది ఒక్కరోజుకే అణిగిపోయింది. మామ పాత వలకున్న గట్టి బెండ్లు కోసుకొచ్చాడు, వల నీళ్లలో తేలడానికి కట్టేవి. ఆ సంగతి ఒడ్డుకి పాకింది.

"బావకి బెండ్లు కట్టీసినారు. ఇంక సముద్రంలో పడినా ములగడు" అని తోటి వేటగాళ్లు నవ్వారు.

ఆరోజు నాన్న సంచీ చింపి పెరట్లోకి విసిరేశాడు. అమ్మ దాన్ని ఏరుకొచ్చి మళ్లీ కుట్టింది.

నేను గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరే ఉన్నాను. నాన్న వెల్లకిలా తిరగబోవడం, బెండ్లు ఒత్తుకుని, మూలుగుతూ మళ్లీ పక్కకి ఒత్తిగిలడం, కొన్నాళ్లు ఇదే. తర్వాత ఒక మధ్యాహ్నం గురక మొత్తానికే ఆగిపోయింది. గ్లాసు పైకెత్తాను. ఎందుకో పడేయకుండా దగ్గరికెళ్లి వంగి చూశాను. పక్కటెముకల మీద బనీను నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది. నాన్న అలా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండోసారి పరీక్షలో ఊపిరి ఆగడం బాగా తగ్గిందని చెప్పారు. పగటిపూట తూగు కూడా పోయింది. చుక్కాని పట్టొచ్చన్నారు.

మళ్లీ చుక్కాని పట్టబోయే రోజు వేకువన నాన్న వంటింట్లోకొచ్చి నీళ్లడిగాడు. తాగి, గ్లాసు తిరగేసి అడుగు చూశాడు. అంచు వెంట వేలు పోనిచ్చి నా చేతికిచ్చాడు.

"ఈ గలాసు ఇంక వొగ్గీ గుంటా. సొట్టలు పడిపోనాది."